నాలుగో సంతకం

క్వింటాలు వడ్లు పోస్తే
అరవై ఏడు కిలోల బియ్యం రావాలె.
సర్కారు లెక్క ఇది, సుల్తానాబాద్‌ల
చిన్న పోరనికి సుత ఎరుకే.
తక్కింది ఊక, తవుడు, నూక.
ఏదీ గాలికి పోదు, దేని బేరగాడు దానికున్నడు.

మా మిల్లు కార్మికుల శిక్షణ ట్రస్టుల
నూరు రూపాయలు పోస్తే
పిల్లలకాడికి చేరేది ముప్పై ఒకటి.
తక్కింది ఏ జల్లెడల రాలిందో
పదకొండేండ్ల సంది రాస్తున్నదాన్ని,
తెలువదు అననీకి నాకు లేదు.

షెడ్డు కిరాయి, చైర్మన్ బామ్మర్దికి.
ఫ్లెక్సీలు.
శాలువలు, ఒక్క ఏడాదిల నలభై రెండు.
కప్పుకున్నోళ్లల్ల ఒక్కడన్న
బాయిలర్ ముందట నిలవడ్డోడు లేడు.
"ఇతర ఖర్చులు" అని ఇంకో వరుస.
దానికింద నా గీత వంకర వోయింది.
చెయ్యి వణికి కాదు,
స్కేలు పాతది.

మిల్లులు అరవై రెండు.
క్వింటాలుకు రూపాయి ఇస్తమని
తొలినాడు అందరూ చప్పట్లు కొట్టిన్రు.
ఇచ్చేటియి ఇరవై మూడు.
ఇయ్యనియి "రావలసినవి" అనే ఖానాల కూసున్నయి.
ఎంత నిమ్మళంగ ఉంటదో ఆ మాట!
చాప పరిచి, చెంబుల నీళ్లు పెట్టి
ఎవ్వరూ రాని ఇల్లు లెక్క.
దాన్ని కలిపితే మిగులు, తీస్తే మునుగుడు.
ఆడిటర్ సారు కలిపే ఉంచిండు,
చాయ తాగి, పెన్నుకు మూత పెట్టిండు.

బ్యాంకుల ఉన్నయి నాలుగు నెలలకు.
అంటే దసరా దాక.

ఓదెలు సారు
రబ్బరు రోలు చప్పుడు విని చెప్తడు
ఎన్ని గింజలు విరుగుతున్నయో.
ఆయనకు ఐదు నెలల సంది జీతం లేదు.
ముట్టినట్టు వోచరు ముందల పెడితే
పెన్ను తిప్పి నా చేతికే ఇచ్చిండు:
"పైసలొచ్చినంక పెడత, చెల్లె."

ఆ రాత్రే మినిట్స్ పుస్తకం తిరగేసిన.
పోయినేడు జులై పద్దెనిమిది.
ఎఫ్‌డీ విరగ్గొట్టుటకు ఏకగ్రీవ తీర్మానం.
కోరం నలుగురు, సంతకాలు నాలుగు.
నాలుగోది గోపు రాజేశం గారిది.

రాజేశం గారి దినాలకు నేను పోయిన.
జూన్‌ల.
టెంటు కింద ఉడికిపోయినం, ఇస్తరాకు లేవకుంట
గ్లాసు పెట్టుకుని తిన్న.
జులైల లేచొచ్చి
తొమ్మిది లక్షలు విరగ్గొట్టిపోయిండా పెద్దమనిషి?
బతికున్నన్ని దినాలు
ప్రతి కాయితం మీద వేలు పెట్టి
"బిల్లేది?" అని అడిగింది ఆయనొక్కడే.
సచ్చినంకనే ఒప్పుకున్నడు.

ఇయ్యాల సర్వసభ్య సమావేశం.
ఫంక్షన్ హాలు, వెనుక బిర్యానీ గంజులు.
(వాటి బిల్లు సుత నా సంచిలనే ఉన్నది.)
"లెక్కలు చదివినట్టే అనుకుందామా?"
అన్నడు చైర్మన్.
నేను లేచి చదివిన.
శాలువలు చదివిన, కిరాయి చదివిన,
రావలసినవి ఒక్కొక్క మిల్లు పేరుతోని చదివిన.
ముందు వరుసల కొందరు
ఫోన్లల్లకు తల వంచిన్రు.
నాలుగో సంతకం చదివి, తారీఖు చదివి,
మున్సిపాలిటీ ఇచ్చిన మరణ పత్రం తారీఖు చదివిన.

ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
"క్లరికల్ మిస్టేక్" అన్నడు చైర్మన్, నవ్వుకుంట.
క్లర్కును నేనే.

వెనుక కుర్చీలల్ల నుంచి ఆరె స్వరూప లేచింది,
బాయిలర్ పరీక్షకు ఫీజు కట్టక
ఏడాది ఆగిపోయిన పిల్ల.
ఏదో పెద్దగ అడుగుతదనుకున్నరు.
"బిల్లేది సార్?"
అంతే అన్నది.
ఆ మాట ఎవరిదో ఆమెకు తెలువదు.

అప్పుడే పక్క కాంపౌండుల మిల్లు మొదలైంది.
గోడకు ఆనుకుని నిలవడ్డ ఓదెలు సారు
చెవి అటు ఒంచి
"విరుగుతున్నయ్" అన్నడు.

మినిట్స్‌ల అది సుత రాసిన.
ప్రతిపాదించినవారు లేరు,
బలపరిచినవారు లేరు.
సంతకాల కాడ
నాలుగో గీత ఖాళీగ ఇడిచిన.